ఉక్కు అచ్చులో పికప్ ట్రక్కు

పాతకాలపు ట్రక్కు ప్లాస్టిక్ నమూనా కిట్‌ను కొనేవారు నిజానికి ఎంచుకునేది దేనిని?

అమెరికన్ పికప్ ట్రక్కుల ప్లాస్టిక్ నమూనా కిట్లు రెండు పక్కపక్కన ఉన్నప్పుడు, రెండు పెట్టెల మీదా 1/25 అనే స్కేలు, దాదాపు ఒకే ధర, నిగనిగలాడే ట్రక్కు బొమ్మ ఉన్నప్పటికీ, తెరిచి చూస్తే ఒకదానిలోని భాగాలు అంచులు తీరి ఒకదానిలో ఒకటి చక్కగా కూర్చుంటాయి. రెండోదానిలోని భాగాల అంచుల వెంట పలచని ప్లాస్టిక్ పొర వేలాడుతూ, కిటికీ అంచులు మొద్దుబారి, తొట్టి పలకలు కొద్దిగా వంకర తిరిగి కనిపిస్తాయి. రెండింటిలోనూ వాడిన ప్లాస్టిక్ ఒకటే, పోతపోసిన యంత్రాలు ఒకే జాతివి, కొన్ని సందర్భాల్లో కంపెనీ కూడా ఒకటే. అటువంటప్పుడు ఇంత తేడా ఎక్కడినుంచి వచ్చిందన్నది కొత్తగా ఈ కళలో అడుగుపెట్టేవారిని కలవరపెట్టే ప్రశ్న.

దీనికి జవాబు పెట్టెలో దొరకదు. ఆ భాగాలను పోతపోసిన ఉక్కు అచ్చులో దొరుకుతుంది. అచ్చును ఏ కాలంలో చెక్కారు, ఏ పద్ధతిలో చెక్కారు, ఆ తరువాత దానిని ఎన్నిసార్లు మార్చారు అన్న మూడు విషయాలు తెలిస్తే కిట్ గుణదోషాలలో చాలా భాగం ముందే ఊహించవచ్చు. ఈ విషయంలో పికప్ ట్రక్కు మామూలు కారు కంటే కఠినమైన పరీక్ష పెడుతుంది. కారు లోపలి లోపాలను కప్పు దాచేస్తుంది కానీ, పికప్ వెనుక తొట్టి ఆకాశానికి తెరుచుకుని ఉంటుంది కనుక, అచ్చు చేసిన ప్రతి తప్పూ అక్కడ బయటపడుతుంది.

ముందుగా నిజం ట్రక్కు

ఫోర్డ్ కంపెనీ 1925 ఏప్రిల్‌లో తన మోడల్ టి బండికి వెనుక ఉక్కు తొట్టిని ఫ్యాక్టరీలోనే అమర్చి 281 డాలర్లకు అమ్మడం మొదలుపెట్టింది. అంతకుముందు కారు కొన్న రైతులు, చిన్న వ్యాపారులు తొట్టిని విడిగా చేయించుకునేవారు. అయితే నమూనాలు చేసేవారు పాతకాలపు పికప్ అన్నప్పుడు ఎక్కువగా తలచుకునేవి రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక వచ్చిన తరాలనే. 1947లో వచ్చిన షెవర్లే అడ్వాన్స్ డిజైన్ వరుసలోని అరటన్ను ట్రక్కు 3100, 1948లో వచ్చిన ఫోర్డ్ ఎఫ్-1, దాని స్థానంలో 1953లో వచ్చిన ఎఫ్-100 వీటిలో ముఖ్యమైనవి.

ఈ ట్రక్కులు ఏడాదికేడాది చిన్నచిన్న మార్పులతో బయటికి వచ్చాయి కనుక, కిట్ పెట్టె మీద ముద్రించిన సంవత్సరానికి లోపలి భాగాలు సరిపోతున్నాయో లేదో చూడటం మొదటి పని. షెవర్లే 3100కు 1951లో తలుపు కిటికీల ముందు భాగాన గాలి కోసం తిరిగే చిన్న త్రికోణపు అద్దాలు వచ్చాయి. 1952లో తలుపు పిడులు తిప్పే రకం నుంచి నొక్కే రకానికి మారాయి. 1953 వరకు మధ్యలో పట్టీతో రెండు ముక్కలుగా ఉన్న ముందద్దం 1954లో ఒకే వంపు పలకగా మారింది. కాబట్టి 1950 ట్రక్కు అని చెప్పుకునే నమూనాకు త్రికోణపు అద్దాలు ఉంటే అది తప్పు. ఫోర్డ్ విషయంలో 1953 ఎఫ్-100 వి-8 ఇంజన్ సిలిండర్ల పక్కనే కవాటాలుండే పాత పద్ధతిది, ఆ మరుసటి ఏడాది వచ్చినది కవాటాలు సిలిండర్ తలపై ఉండే కొత్త పద్ధతిది. బయటినుంచి చూసినా రెండూ వేర్వేరు ఆకారాలే. 1956లో ముందద్దం రెండు పక్కలకూ చుట్టుకుపోయేలా మారింది. ఇవి చాదస్తపు వివరాలుగా కనిపించవచ్చు కానీ, నమూనా అన్నది ఒక నిర్దిష్టమైన యంత్రానికి గౌరవంగా నిలిచే ప్రతిరూపం కనుక వీటిని పట్టించుకోవడమే సరైన పద్ధతి.

ప్లాస్టిక్ ఎలా ట్రక్కుగా మారుతుంది

ఈ కిట్లలో వాడే పదార్థం పాలీస్టైరీన్. ఉత్త పాలీస్టైరీన్ గాజులాగే పెళుసు కనుక, దానిలో అతి చిన్న రబ్బరు రేణువులను కలిపి దెబ్బకు తట్టుకునేలా చేస్తారు. ఈ గుళికలను వేడిచేసే గొట్టంలో సుమారు 200 నుంచి 250 డిగ్రీల సెల్సియస్ వరకు కాచి, చిక్కటి ద్రవంగా మారాక మర వంటి కడ్డీతో బలంగా నెట్టి, గట్టిగా బిగించిన రెండు ఉక్కు దిమ్మెల మధ్యనున్న ఖాళీలోకి ఎక్కిస్తారు. ద్రవం కొన్ని క్షణాల్లోనే ఆ ఖాళీని నింపుతుంది, చల్లటి ఉక్కుకు తాకి గడ్డకడుతుంది, దిమ్మెలు విడిపోతాయి, లోపలినుంచి సన్నని కడ్డీలు ముందుకు వచ్చి భాగాలను బయటికి తోస్తాయి. ఈ పద్ధతినే ఇంజెక్షన్ మౌల్డింగ్ అంటారు. పెట్టెలో భాగాలు కాడల చట్రానికి అతుక్కుని రావడానికి కారణం, ద్రవం ప్రవహించిన దారులు కూడా అక్కడే గడ్డకట్టడం. ఆ చట్రాన్ని నమూనాకారులు స్ప్రూ అంటారు.

ఈ వరుసలోని ప్రతి దశా భాగం మీద ఒక గుర్తును వదిలిపోతుంది. రెండు దిమ్మెలు కలిసే చోట సన్నని గీత పడుతుంది. తోసే కడ్డీ ఆనిన చోట గుండ్రటి మచ్చ ఏర్పడుతుంది. పాలీస్టైరీన్ చల్లారేటప్పుడు నూటికి సుమారు అర వంతు కుంచించుకుపోతుంది కనుక, మందంగా ఉన్న చోట లోపలి ద్రవ్యం ఆలస్యంగా గడ్డకట్టి పై పొరను లోపలికి లాగగా అక్కడ చిన్న గుంట పడుతుంది. బానెట్ అడుగున బలం కోసం పక్కటెముక వంటి కడ్డీ పోసి ఉంటే, దానికి సరిగ్గా పైన, రంగు వేశాక వెలుతురులో కనిపించే నొక్కు ఏర్పడటం ఈ కారణం వల్లనే. కిటికీ వంటి ఖాళీ చుట్టూ రెండు వైపులనుంచి ప్రవహించి వచ్చిన ద్రవాలు మళ్ళీ కలుసుకునే చోట, అప్పటికే కాస్త చల్లారి ఉండటం వల్ల పూర్తిగా ఏకం కాలేక, సన్నని అతుకు గీత మిగులుతుంది. పికప్ క్యాబ్‌లో ముందద్దం పక్కన నిలిచే సన్నని స్తంభాల వద్ద ఇటువంటి గీత ఉంటే, అది చూడటానికి చిన్నదే అయినా విరగడానికి అనువైన చోటు.

పలకల వంకర కూడా చల్లారడానికి సంబంధించినదే. పొడవుగా, పలచగా ఉన్న భాగంలో ఒక వైపు ముందు చల్లారి, రెండో వైపు తరువాత చల్లారితే, ఆలస్యంగా కుంచించుకున్న వైపు పలకను తనవైపు లాగుతుంది. తొట్టి పక్క పలకలు, ఛాసిస్ పొడవు కడ్డీలు దీనికి ఎక్కువగా గురవుతాయి. ఛాసిస్ ఏ కొంచెం మెలితిరిగినా పూర్తయిన నమూనా నాలుగు చక్రాల మీద నిలవదు కనుక, ఆ భాగాన్ని చదునైన అద్దం మీద పెట్టి చూడటం మొదట చేయవలసిన తనిఖీ.

[చట్రంలో వివరణ: వాలు ఎందుకు?
కుల్ఫీ అచ్చు మూతి వద్ద వెడల్పుగా, అడుగున సన్నగా ఉంటుంది. గోడలు నిట్టనిలువుగా ఉంటే గడ్డకట్టిన కుల్ఫీ జారి బయటికి రాదు. కిట్ భాగాలకూ ఇదే నియమం వర్తిస్తుంది. దిమ్మెలు విడిపోయే దిశలో ఉన్న ప్రతి గోడకూ సుమారు ఒక డిగ్రీ వాలు ఇస్తారు. అందువల్ల నిజం ట్రక్కులో సమాంతరంగా ఉండే రెండు తలాలు నమూనాలో కొద్దిగా విచ్చుకుంటాయి. లోపలికి తొలిచినట్లుండే ఆకారాలు, ఉదాహరణకు తలుపు పిడి వెనుక వేలు దూరే సందు, దిమ్మెలు తిన్నగా విడిపోయినప్పుడు చిక్కుకుంటాయి కనుక రెండు దిమ్మెల అచ్చుతో సాధ్యం కావు. క్యాబ్‌ను ఒకే ముక్కగా పోయాలంటే పక్కలకు జరిగే అదనపు ఉక్కు దిమ్మెలు కావాలి. అవి కలిసే చోట్ల పడే గీతలే కప్పు మూలల వెంట, మడ్‌గార్డుల మీదుగా కనిపించేవి. అచ్చులో దిమ్మెలు పెరిగినకొద్దీ ఖర్చు పెరుగుతుంది, గీతలూ పెరుగుతాయి.]

తొట్టి: దాపరికం లేని భాగం

ఇక్కడ పికప్‌కు ప్రత్యేకమైన సమస్య మొదలవుతుంది. ప్లాస్టిక్ భాగానికి ఎప్పుడూ ఒక మంచి ముఖం, ఒక చెడ్డ ముఖం ఉంటాయి. తోసే కడ్డీల మచ్చలు, బలం కోసం పోసిన కడ్డీలు చెడ్డ ముఖం మీదికి వెళ్ళేలా అచ్చును రూపొందిస్తారు. కారు తలుపుకు లోపలి ముఖం చెడ్డదైనా దాని మీద మరో పలక అతుకుతుంది, లేదా చీకటిలో ఉండిపోతుంది. తొట్టి పక్క పలకకు, వెనుక తలుపుకు మాత్రం రెండు ముఖాలూ కనిపిస్తాయి. అచ్చు రూపకర్త ముందున్న దారులు మూడే. మచ్చలను లోపలి ముఖం మీద వదిలేసి వాటిని పూడ్చే పనిని కొనుగోలుదారుకు అప్పగించడం ఒకటి. లోపలి పలకను, వెలుపలి పలకను వేరువేరుగా పోసి వీపులు కలిపి అతికేలా చేయడం రెండోది. మచ్చలను నేల పలక అంచు, కమాను పట్టీల బిగింపు వంటి మరుగు చోట్లకు నెట్టడం మూడోది. ఏ కిట్ ఏ దారి పట్టిందన్నది స్ప్రూల ఫొటో చూస్తే అర్థమవుతుంది, ఆ ఒక్క విషయమే కిట్ వెనుకనున్న శ్రద్ధను చాలావరకు చెప్పేస్తుంది.

మందం రెండో సమస్య. నిజం ట్రక్కు తొట్టి రేకు సుమారు ఒక మిల్లీమీటరు మందం ఉంటుందనుకుంటే, 1/25 స్కేలులో అది 0.04 మిల్లీమీటర్లు కావాలి. అంత సన్నని సందులోకి పాలీస్టైరీన్ ప్రవహించదు, ప్రవహించినా చేత్తో పట్టుకోగానే చినిగిపోతుంది. కిట్ పలకలు సాధారణంగా ఒక మిల్లీమీటరు మందంలోనో, అంతకు కొంచెం ఎక్కువగానో ఉంటాయి. అంటే నిజం ట్రక్కుకు 25 మిల్లీమీటర్ల మందం కవచం తొడిగినట్లు లెక్క. ఈ అసహజత్వం అంచుల వద్దనే కంటికి దొరుకుతుంది కనుక, మంచి అచ్చు రూపకర్త అంచును మాత్రం లోపలినుంచి వాలుగా పలచబరుస్తాడు. పాత ఫోర్డ్, షెవర్లే ట్రక్కుల విషయంలో అదృష్టం ఏమిటంటే, చక్రాల మడ్‌గార్డులు తొట్టికి వెలుపల ఉండి, పక్కన కాలు మోపే మెట్టుతో ఉండే ఆ తొట్టి రకానికి పై అంచు రేకు గుండ్రంగా చుట్టి ఉంటుంది; ఆ చుట్టు నిజంగానే మందం కనుక, ప్లాస్టిక్ మందం అక్కడ తప్పుగా అనిపించదు. పక్కలు చదునుగా, చక్రాలను లోపల దాచుకునే తరువాతి కాలపు తొట్టిలో ఈ సౌలభ్యం తక్కువ. మొదటిసారి పికప్ నమూనా చేసేవారికి మెట్టు తొట్టి రకమే మేలని చెప్పడానికి ఇది ఒక గట్టి కారణం.

ఆ ట్రక్కుల తొట్టి నేల చెక్క పలకలతో ఉండేది, వాటి మధ్య సరుకు జారడానికి ఉక్కు పట్టీలు బిగించేవారు. కిట్ తయారీదారులు ఆ పలకల మీద చెక్క నారలను చెక్కించడానికి ఇష్టపడతారు. నిజం పలకలో అర మిల్లీమీటరు లోతున్న నార 1/25లో 0.02 మిల్లీమీటర్లవుతుంది, అది కంటికి కనిపించదు. లోతైన నారలతో ముచ్చటగా కనిపించే కిట్ నేల, స్కేలు ప్రకారం చూస్తే దున్నిన చేనంత గరుకు. నునుపు నేల మీద నారను రంగుతో చిత్రించడమే మేలైన మార్గం కనుక, నునుపుగా పోసిన నేలను కిట్ లోపంగా లెక్కించకూడదు.

అచ్చుకు వయసు ఉంటుంది

అమెరికాలోని మిచిగన్ రాష్ట్రం, ట్రాయ్ పట్టణంలో 1948లో మొదలైన ఏఎంటీ కంపెనీ, కార్ల డీలర్లు కొనుగోలుదారులకు చూపించడానికీ పంచడానికీ కొత్త కార్ల చిన్న నమూనాలను తయారుచేసేది. తొలినాళ్ళలో వాటికి వాడిన సెల్యులోజ్ అసిటేట్ ప్లాస్టిక్ ఏళ్ళు గడిచేకొద్దీ కుంచించుకుని వంకర తిరగడంతో, అప్పటి నమూనాలు చాలావరకు ఇప్పుడు మెలిపడి కనిపిస్తాయి. తరువాత పాలీస్టైరీన్ ఆ సమస్యను తీర్చింది. డీలర్ల నమూనా కోసం చెక్కిన అచ్చునుంచే, విడిభాగాలుగా పోసి, 1958నుంచి ఒకే పెట్టెలో మూడు రకాలుగా చేసుకోగల కిట్లను ఆ కంపెనీ అమ్మింది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రూపం, యజమాని అభిరుచి మేరకు మార్చిన రూపం, పందెపు రూపం అన్నవి ఆ మూడు. 1960ల తొలి ఏళ్ళలో వచ్చిన ఏఎంటీ 1953 ఫోర్డ్ పికప్ కిట్ ఆ సంప్రదాయానికి చెందినదే. దానిని అప్పటినుంచి కొత్తకొత్త పెట్టెల్లో మళ్ళీమళ్ళీ విడుదల చేస్తూ వచ్చారు.

ఆ కాలపు అచ్చులను చెక్కే పద్ధతి ఇప్పటివారికి ఆశ్చర్యం కలిగిస్తుంది. ముందుగా నిపుణుడైన శిల్పి కిట్ కంటే పెద్ద సైజులో చెక్కతో ట్రక్కును చెక్కేవాడు. దానినుంచి గట్టి రెసిన్ ప్రతిని తీసేవారు. ఆ ప్రతి ఉపరితలం మీద ఒక సూదిని నడిపిస్తుంటే, పాంటోగ్రాఫ్ అనే కీళ్ళ చట్రం ఆ కదలికను తగ్గించి, రెండో కొసనున్న కోత పనిముట్టుతో ఉక్కులో చిన్న సైజు గుంటను తొలిచేది. పెద్దదాన్ని చిన్నది చేస్తున్నప్పుడు శిల్పి చేతి పొరపాటు కూడా అదే నిష్పత్తిలో తగ్గిపోవడం ఈ పద్ధతిలోని తెలివి. కొలతల్లో చిన్నచిన్న తేడాలున్నా, నిజం ట్రక్కును కళ్ళారా చూసిన శిల్పి చేతిలో మడ్‌గార్డు ఉబ్బు, బానెట్ మూతి సరిగ్గా కుదిరిన పాత కిట్లు ఉన్నాయి. ఇప్పుడు ట్రక్కును లేజర్‌తో కొలిచి, కంప్యూటర్‌లో రూపొందించి, విద్యుత్ స్ఫులింగాలతో ఉక్కును కరిగించే యంత్రంతో అచ్చు తీస్తున్నారు. వివరం పదునెక్కింది, అతుకులు కుదిరాయి. అయినా కొలత సరిగ్గా ఉన్నంత మాత్రాన రూపం జీవంతో ఉండాలన్న నియమం లేదు.

ఉక్కు అచ్చుకు ఒక విచిత్రమైన తర్కం ఉంది. ప్లాస్టిక్ మీద ఉబ్బెత్తుగా ఉన్న గీత ఉక్కులో గాడి. కాబట్టి కిట్‌కు ఏదైనా జోడించాలంటే ఉక్కును తొలిస్తే చాలు, అది సులభం. ఏదైనా తీసేయాలంటే ఉక్కును నింపాలి, అది కష్టం, నింపిన చోటు ఆనవాలు మిగులుతుంది. 1960లలో కొత్త మోడల్ వచ్చిన ప్రతి ఏడాదీ కంపెనీలు పాత అచ్చునే మార్చి కొత్త గ్రిల్లు, కొత్త అలంకరణ చెక్కించేవి. కొన్ని పికప్‌లకూ ఇదే జరిగింది. ఒకసారి మార్చిన అచ్చు వెనుకటి రూపాన్ని కోల్పోతుంది. ఎంతమంది అడిగినా కొన్ని పాత కిట్లు తిరిగి విడుదల కాకపోవడానికీ, ఫ్యాక్టరీ రూపంలో పుట్టిన కిట్ ఇప్పుడు మార్చిన రూపంలోనే దొరకడానికీ ఇదే కారణం.

వయసు వల్ల వచ్చే మరో మార్పు అరుగుదల. వేల సార్లు మూసుకుని తెరుచుకున్న దిమ్మెల అంచులు కొద్దిగా గుండ్రబడతాయి, వాటి మధ్య కంటికి ఆనని సందు ఏర్పడుతుంది. ప్లాస్టిక్‌ను ఎక్కించే ఒత్తిడి వాతావరణ పీడనానికి వందల రెట్లు కనుక, ఆ సందులోకి కూడా ద్రవం చొరబడి పలచని పొరగా గడ్డకడుతుంది. దీనిని ఫ్లాష్ అంటారు. పదునైన బ్లేడుతోనూ గరుకు కాగితంతోనూ దీనిని తీసేయవచ్చు. సన్నని స్టీరింగ్ చక్రం చుట్టూ, గ్రిల్లు పట్టీల మధ్య ఉన్నప్పుడు మాత్రం ఓపికను పరీక్షిస్తుంది.

24కూ 25కూ మధ్య

జపాన్, ఐరోపా కంపెనీల కార్ల కిట్లు ఎక్కువగా 1/24లో, అమెరికన్ కంపెనీలవి ఎక్కువగా 1/25లో వస్తాయి. అడుగుకు అరంగుళం చొప్పున తగ్గిస్తే వచ్చేది 1/24. డీలర్ల నమూనాల ద్వారా అమెరికాలో స్థిరపడినది 1/25. తేడా చిన్నదే. ఎఫ్-100 ముందు వెనుక ఇరుసుల మధ్య దూరం 110 అంగుళాలు, అంటే 2,794 మిల్లీమీటర్లు. అది 1/25లో దాదాపు 112 మిల్లీమీటర్లు, 1/24లో 116 మిల్లీమీటర్లు. కానీ పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ కలిసి పెరుగుతాయి కనుక, 1/24 నమూనా ఆక్రమించే స్థలం దాదాపు 13 శాతం ఎక్కువ. ఒకే ట్రక్కు రెండు స్కేళ్ళలో అలమరలో పక్కపక్కన నిలిచినప్పుడు కంటికి కొట్టొచ్చినట్లు కనిపించేది ఆ పరిమాణపు తేడాయే.

వేర్వేరు ట్రక్కులను పక్కన పెట్టినప్పుడు సంగతి మారుతుంది. షెవర్లే 3100 ఇరుసుల మధ్య దూరం 116 అంగుళాలు. దాని 1/25 నమూనాలో ఆ దూరం దాదాపు 118 మిల్లీమీటర్లు, అంటే 1/24 ఎఫ్-100 కంటే కూడా ఎక్కువ. స్కేళ్ళు వేరైనా చూసేవారికి తేడా తెలియదు. అసలు చిక్కు భాగాలను మార్చుకునేటప్పుడు వస్తుంది. ఒక కిట్ ఇంజన్‌ను, చక్రాలను మరో కిట్‌లో వాడుకోవడం ఈ కళలో పరిపాటి కనుక, ఒకే స్కేలుకు కట్టుబడి ఉండటం వల్ల భాగాల నిల్వ ఉపయోగపడుతుంది. అమెరికన్ ట్రక్కుల మీద మక్కువ ఉన్నవారికి 1/25 సహజమైన ఎంపిక. హసెగావా నిస్సాన్ సన్నీ ట్రక్ వంటి జపాన్ చిన్న పికప్‌లు ఇష్టపడేవారికి 1/24.

[చట్రంలో వివరణ: అతుకు ఎలా పడుతుంది?
కిట్లకు వాడే పలచటి జిగురు నిజానికి ద్రావకం. అతుకు మీద కుంచెతో అంటించగానే అది సందులోకి పాకి, రెండు భాగాల ఉపరితలాల మీదున్న పాలీస్టైరీన్ పొడవు గొలుసు అణువులను వదులుచేస్తుంది. రెండు వైపుల గొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి, ద్రావకం ఆవిరైపోతుంది, రెండు భాగాలు ఒకే ముక్కగా మిగులుతాయి. మెరుపు పూతగానీ రంగుగానీ ఉన్న చోట ద్రావకం ప్లాస్టిక్‌ను చేరలేదు కనుక, అతికే చోట వాటిని ముందే గీకేయాలి. వేగంగా పట్టుకునే సయనోఅక్రిలేట్ జిగురు ఆవిరి పారదర్శక భాగాల మీద తెల్లటి పొగలా పేరుకుంటుంది కనుక కిటికీ అద్దాల దగ్గర దానిని వాడకూడదు.]

మెరుపు, అద్దం, టైరు

బంపర్లు, గ్రిల్లు, చక్రాల మూతలు వెండిలా మెరుస్తూ వచ్చే భాగాలకు పూసినది క్రోమియం కాదు, అల్యూమినియం. గాలి తీసేసిన గదిలో అల్యూమినియంను ఆవిరిగా మార్చితే, ఆ ఆవిరి ముందే లక్క పూసి ఉంచిన భాగాల మీద అతి పలచని పొరగా పేరుకుంటుంది. అడుగున పూసిన లక్క పొర గాడులను కొద్దిగా పూడ్చడం వల్ల, మెరిసే గ్రిల్లులో వివరం మెరవని గ్రిల్లు కంటే మెత్తబడుతుంది. కాడనుంచి కత్తిరించిన చోట తెల్లటి మచ్చ మిగిలి, దానిని కప్పిపుచ్చడం కష్టమవుతుంది. అందువల్ల కాడ అతుకులు భాగం వెనుక వైపునో అడుగుననో ఉన్న కిట్‌కు ఎక్కువ విలువ ఇవ్వాలి. బట్టల సోడియం హైపోక్లోరైట్ బ్లీచ్‌లో ఉంచితే ఈ పూత వదిలిపోతుంది. పాత షెవర్లే ట్రక్కుల్లో చవక రకానికి గ్రిల్లు రంగు వేసిన ఉక్కే కనుక, పూతను వదిలించి రంగు వేయడం చరిత్రకు మరింత దగ్గరగా ఉంటుంది.

కిటికీ అద్దాలకు రబ్బరు కలపని పారదర్శక పాలీస్టైరీన్ వాడతారు. మందం ఎక్కువైతే వంపుల వద్ద వెలుతురు వంగి వెనుకనున్న స్టీరింగ్ మెలితిరిగినట్లు కనిపిస్తుంది. 1956 ఎఫ్-100 వంటి చుట్టు ముందద్దం ఉన్న కిట్‌లో ఇది తప్పక గమనించవలసిన విషయం.

నల్లటి మెత్తటి టైర్లు చూడటానికి అందంగా ఉన్నా, వాటిని మెత్తగా ఉంచడానికి వినైల్‌లో కలిపిన నూనె వంటి పదార్థం ఏళ్ళ తరబడి నెమ్మదిగా బయటికి చెమ్మగిలి, తాకుతున్న పాలీస్టైరీన్ చక్రాన్ని కరిగిస్తుంది. అలమరలో నిలిచిన ట్రక్కు ఐదారేళ్ళకు తన చక్రాల్లోకి కుంగిపోయినట్లు కనిపించడానికి ఇదే కారణం. గట్టి ప్లాస్టిక్‌తో పోసిన టైర్లున్న కిట్‌లో ఈ బెడద లేదు. మెత్తటి టైర్లే ఉంటే చక్రానికీ టైరుకూ మధ్య పలచని లోహపు రేకును పెట్టడం మంచిది.

ఏ కిట్ ఎవరికి

పెట్టె మీద కొత్త బొమ్మ ఉన్నంత మాత్రాన అచ్చు కొత్తది కాదు. పెట్టె అంచున ముద్రించే హక్కుల సంవత్సరాలు, భాగాల అడుగున ఉక్కులోనే చెక్కిన సంవత్సరం, సూచనల పత్రంలోని బొమ్మల శైలి, స్ప్రూల ఫొటోలు అసలు వయసును బయటపెడతాయి. భాగాల సంఖ్యను నాణ్యతకు కొలమానంగా తీసుకోవడం పొరపాటు. మూడు రూపాలుగా చేసుకోగల కిట్‌లో సగం భాగాలు మిగిలిపోవచ్చు, తొట్టి లోపలి పలకలను విడిగా పోసిన కిట్‌లో ప్రతి అదనపు భాగమూ ఒక మచ్చను తప్పిస్తుంది. తెరుచుకునే తలుపులు ఆకర్షణగా కనిపించినా, ఒక మిల్లీమీటరు మందపు తలుపు అంచులు, వాటి మధ్య మిగిలే సందులు మూసిన క్యాబ్ అందాన్ని చాలాసార్లు దెబ్బతీస్తాయి.

పూర్తి ఇంజన్, ఛాసిస్ వివరాలతో, తక్కువ సరిదిద్దుడుతో పని ముగియాలని కోరుకునేవారికి అమెరికాకు చెందిన మోబియస్ కంపెనీ 2010ల దశకం నుంచి తెచ్చిన 1965-1972 కాలపు ఫోర్డ్ ఎఫ్-100 వరుస తగినది. దాని వెనుక కంప్యూటర్ కాలపు అచ్చులున్నాయి. గుండ్రటి మడ్‌గార్డుల 1953 రూపమే కావాలనుకునేవారు ఏఎంటీ కిట్‌ను తీసుకుని, ఫ్లాష్ తీయడానికి, లప్పం పెట్టి నునుపు చేయడానికి సిద్ధపడాలి. ఈ రెండోది మొదటి నమూనాగా కాక రెండోదిగానో మూడోదిగానో చేపడితే ఎక్కువ తృప్తినిస్తుంది. జిగురు లేకుండా నొక్కి బిగించే కిట్లు పిల్లలకు సరే. అయితే బిగింపు కోసం భాగాలను మందంగా పోయడంతో పైన చెప్పిన గుంటల సమస్య వాటిలో పెరుగుతుంది.

తెలుగు నేల మీద కొనేవారికి

ఈ కిట్లు భారతదేశంలోకి దిగుమతి కావలసినవే. సుంకాల పట్టికలో స్కేలు నమూనాలు బొమ్మల శీర్షిక కిందికే వస్తాయి. ఆ వర్గంపై సుంకాన్ని కేంద్ర ప్రభుత్వం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. తప్పు కిట్ కొన్న నష్టం ఇక్కడ మరింత ఖరీదైనది కనుక, కొనేముందు స్ప్రూల ఫొటోలను, సూచనల పత్రాన్ని పరిశీలించడం అవసరం. ద్రావక జిగుళ్ళు, స్ప్రే రంగులు మండే స్వభావం గలవి కనుక విమానంలో పార్సిలుగా రావడం కష్టం. వాటిని దేశంలోనే కొనుక్కోవాలి.

విశాఖపట్నం, కాకినాడ వంటి తీరప్రాంతాల్లో వానాకాలపు తేమ మరో చిక్కు తెస్తుంది. త్వరగా ఆరే లక్క రంగులోని ద్రావకం ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి గాలిలోని తేమ రంగు మీద నీటి బిందువులుగా దిగుతుంది, ఆరాక పూత తెల్లగా మసకబారుతుంది. గాలి పొడిగా ఉన్న రోజున, పలచటి పొరలుగా వేస్తే ఇది తగ్గుతుంది. పాలీస్టైరీన్ సుమారు 90 నుంచి 100 డిగ్రీల మధ్య మెత్తబడుతుంది కానీ, మెలిపెట్టి అతికిన భాగాలు అంతకంటే చాలా తక్కువ వేడికే జరిగిపోతాయి కనుక, రాయలసీమ, తెలంగాణ ఎండల్లో నిలిపిన కారులోనో రేకుల షెడ్డులోనో పెట్టెను వదలకూడదు. వెంటనే చేయని కిట్లను చల్లటి గదిలో, పెట్టెలను నిలబెట్టకుండా అడ్డంగా పేర్చి, మెత్తటి టైర్లను మిగతా భాగాలకు తగలకుండా వేరే సంచిలో ఉంచాలి. నీటితో అంటించే స్టిక్కర్ల కాగితాన్ని తేమ తగలని కవరులో భద్రపరిస్తే, ఏళ్ళ తరువాత తెరిచినా తొట్టి తలుపు మీది అక్షరాలు చెదరకుండా దిగుతాయి.